డెబ్బై ఒకటో పేజీ

ములకలపల్లిలో సంపూర్ణ ఇంటి ముందుగది నిండా కాగితపు చుట్టలే. కొన్ని గోడకు ఆనుకుని నిలబడి ఉంటాయి, కొన్ని మంచం కింద పడి ఉంటాయి. వాటిలో ఉన్నవన్నీ ఎవరూ కట్టని విమానాలు, ఎవరూ పైకి పంపని అంతరిక్ష నౌకలు. చెదలు పట్టకుండా ఆమె భర్త స్తెఫను నెలకోసారి వాటి మధ్య ఎండు వేపాకు మారుస్తుంటాడు. మార్చినప్పుడల్లా ఒకటే మాట.

"వీట్ల ఒక్కటన్న ఎగిరిందా?"

"ఎగిరినవాటి గురించి రాసెటోళ్లు మస్తుమంది ఉన్నరు," అంటుంది సంపూర్ణ.

ఆమె పుట్టింది ఆ ఊళ్లోనే. ఐటిఐలో డ్రాయింగు కోర్సు చదివి, ఇరవై ఒకటో ఏట హైదరాబాదులో విమానాలకూ అంతరిక్ష నౌకలకూ నమూనాలు గీసే ఒక సంస్థలో ట్రేసర్‌గా చేరింది. ఇంజనీర్లు పెన్సిలుతో గీసిన షీటు మీద పలచని కాగితం పరిచి, ప్రతి గీతనూ ప్రతి అంకెనూ సిరాతో దించడం ఆమె పని. వర్క్‌షాపుకు వెళ్లేది ఆ సిరా షీటు నకలే. ఆమె అక్షరాలు అచ్చులా ఉంటాయని ఆఫీసులో పేరు. కంప్యూటర్లు వచ్చి ట్రేసింగు పని పోయాక రికార్డు గదికి మార్చారు. సంస్థ కొత్త భవనంలోకి మారే రోజుల్లో పాత డ్రాయింగులన్నీ చింపించబోతుంటే, అర్జీ పెట్టి అనుమతి రాయించుకుని, కట్టని నమూనాల షీట్లు మాత్రం ఇంటికి తెచ్చుకుంది. అవి పోతే అలాంటి పని ఒకటి జరిగిందని చెప్పడానికి ఇంకేమీ మిగలదని ఆమె భయం.

రిటైరై ఊరు చేరిన కొన్నాళ్లకు, రెండు వేల ఇరవై రెండు జూలైలో గోదావరి భద్రాచలాన్ని ముంచింది. టీవీలో ఆ నీళ్లు చూస్తుంటే సంపూర్ణకు ఎనభై ఆరు వరద గుర్తుకొచ్చింది. అప్పుడు ఆమె పిన్ని కుటుంబం రెండు రోజులు ఇంటి కప్పు మీదే గడిపింది. ఆ మరుసటి ఏడే ఆఫీసులో ఒక చిన్న విమానం గీయడం మొదలుపెట్టారు. నీళ్ల మీదే దిగి, కప్పుల మీద చిక్కుకున్నవాళ్లను ఎక్కించుకుని, నీళ్ల మీంచే లేచిపోయే విమానం. ఆ షీట్లను సంపూర్ణ ప్రార్థన చేసినంత శ్రద్ధగా దించింది. ఎనభై ఎనిమిది చివర్లో, రెక్కను విమానం ఒంటికి కలిపే అతుకును మాత్రం ముందుగా తయారుచేయించి, బరువులు వేలాడదీసి పరీక్షించారు. మోయాల్సిన బరువులో సగం దాటగానే అతుకులోని లోహపు ప్లేటు చిరిగిపోయింది. మూడు నెలల్లో ఆ పథకాన్ని మూసేశారు.

ఈ సంగతులన్నీ ఎవరో ఒకరు రాయాలనుకుంది. ప్రచురణకర్తలకు రాస్తే, విమానం గురించి అయితే సరేగాని లేని విమానం గురించి ఎవరు చదువుతారన్నారు. దాంతో తానే టైపు చేసుకుని, బొమ్మలు పెట్టుకుని, కొత్తగూడెంలో ఒక ప్రెస్సులో మూడు వందల ప్రతులు వేయించింది. 'కట్టని విమానాలు, మొదటి భాగం' అని పేరు పెట్టింది. ఆర్టీసీలో కండక్టరుగా పనిచేసిన స్తెఫను సంచీ భుజానేసుకుని ఖమ్మం, భద్రాచలం దుకాణాల్లో ప్రతులు ఇచ్చి వచ్చాడు. రెండో భాగం అంతరిక్ష నౌకల గురించి. దానికి షీట్లు వేరుచేసుకుంటున్న రోజుల్లో, ఒక ఆదివారం చర్చి నుంచి వచ్చేసరికి గుమ్మంలో ఒక ఆడమనిషి నిలబడి ఉంది. నలభై ఏళ్లుంటాయి. చేతిలో సంపూర్ణ పుస్తకం.

"సంపూర్ణ మేడమ్ అంటే మీరేనా? నా పేరు సువర్ణ. భద్రాచలంల గిరిజన సంక్షేమ ఆఫీసుల పనిచేస్త. మీ బుక్కు అక్కడ్నే కొన్న."

సంపూర్ణ సంబరంగా కుర్చీ జరిపింది. సువర్ణ కూర్చోలేదు. పుస్తకం తెరిచి ఆమె చేతికిచ్చింది.

"డెబ్బై ఒకటో పేజీ. ఆ రెండు లైన్లు బయటికి చదవండి మేడమ్."

సంపూర్ణ చదివింది. "ఇంజనీరు జైరాం ప్లేటు మందం తప్పుగా ఇవ్వడం వల్ల అతుకు చిరిగిపోయింది. వరద విమానం కథ అంతటితో ముగిసింది."

"నేను జైరాం సారు బిడ్డను," అంది సువర్ణ.

సంపూర్ణ చేతిలో పుస్తకం మూసేసింది. జైరాం ఆ ఆఫీసుకు తండా నుంచి వచ్చిన మొదటి ఇంజనీరు. అతుకు పరీక్ష విఫలమైన తర్వాత రాజీనామా చేసి వెళ్లిపోయాడు. ఎక్కడికి వెళ్లాడో ఎవరూ అడగలేదు.

"కూసుమంచి పక్కన హైస్కూల్ల ముప్పై ఏండ్లు లెక్కలు చెప్పిండు మా నాయిన. ఆయన దగ్గర చదువుకున్నోళ్లే ఈ పేజీ ఫొటో తీసి వాట్సాప్ గ్రూపుల పెట్టిన్రు. లెక్కల సారు లెక్క తప్పిండంట అని నవ్వుతున్నరు. రెండు వారాల సంది ఆయన గడప దాటుతలేడు."

"ఆఫీసుల అందరు అనుకున్నదే రాసినమ్మా..."

"అందరంటే ఎవరు? మా నాయిననడిగిండ్రా?"

"బతికున్నడని తెల్వదు."

"దేవులాడిండ్రా? ఎక్కడున్నడని ఎవల్నన్న అడిగిండ్రా?"

సంపూర్ణ తల అడ్డంగా ఊపింది. సువర్ణ పుస్తకం తీసుకుని, మధ్యాహ్నం బస్సుకు వెళ్లిపోయింది.

పుస్తకంలో రాయని సంగతి ఒకటి ఆ రోజు నుంచి సంపూర్ణను లోపల తొలుస్తోంది. ప్లేటు చిరిగిన మర్నాడు పై అధికారి గదిలో విచారణ జరిగింది. తాను ఇచ్చింది ఎనిమిది మిల్లీమీటర్ల మందం అన్నాడు జైరాం. వర్క్‌షాపుకు వచ్చిన షీటులో ఆరు అని ఉంది. పెన్సిలు షీటు తెమ్మంటే ఎంత వెతికినా దొరకలేదు. అప్పుడు సంపూర్ణను పిలిపించారు. "నువ్వు చూసి దించింది ఆరేనా?" అని అడిగారు. "ఆరే సార్," అంది. ఆమె చేతికి తప్పు దొర్లదని పేరు. అతను కోటాలో వచ్చినవాడని వెనక గొణుక్కునే ఆఫీసు. ఇంకెవరి మాట నిలుస్తుంది? జైరాం ఆమెవైపు ఒకసారి చూసి తల దించుకున్నాడు.

ఆ పెన్సిలు షీటు ఉంటే చాలు, తేలిపోతుంది. సంపూర్ణ చుట్టలన్నీ ఒక్కొక్కటిగా విప్పడం మొదలుపెట్టింది. నాలుగో రోజు, గూట్లోంచి తీసిన ఒక అంతరిక్ష నౌక చుట్టకు పైతొడుగుగా మందపాటి కాగితం చుట్టి ఉండటం చూసింది. పాత షీట్లను అలా పైతొడుగులుగా వాడటం ఆఫీసులో మామూలే. విప్పి లోపలివైపు తిప్పేసరికి రెక్క అతుకు కనిపించింది. పెన్సిలు గీతలు. మూలన జైరాం సంతకం.

ప్లేటు దగ్గరున్న అంకెను చూసింది. ఆరు! గుండె తేలికైంది. తాను అన్నది నిజమే. భూతద్దం తెచ్చి మళ్లీ చూసింది. ఆరులాగే ఉంది గాని, పైన తోకకు బదులు ఒక చిన్న వంపు తిరిగి, కలవకుండా ఆగిపోయింది. అప్పుడామె షీటులోని మిగతా అంకెలు వెతికింది. కింద ఒకచోట ఎనభై రెండు, పక్కన పద్దెనిమిది. వాటిలోని ఎనిమిదులన్నీ అలాగే ఉన్నాయి. పై సున్నా మూసుకోని ఎనిమిదులు. వాటిని ఆమె సరిగ్గానే ఎనిమిదులుగా దించింది. ఈ ఒక్కటే ఆరుగా చదివింది. అనుమానం వస్తే లేచి వెళ్లి అడగాలి. జైరాం బల్ల పదడుగుల దూరంలోనే ఉండేది. ఆమెకు అనుమానమే రాలేదు.

స్తెఫను వంటింట్లోంచి వచ్చేసరికి ఆమె నేల మీద కూర్చుని ఏడుస్తోంది. విషయం విని ఆయన షీటును వెలుతురుకు పట్టి చూశాడు.

"నువ్వు దించిన షీటు మీద సంతకం చేసిన పెద్ద సారు చూస్కోవద్దా? నీ ఒక్కదాని తప్పా?" అన్నాడు.

"పెద్ద సారు చచ్చిపోయి పదేండ్లాయె. నేను బతికున్న."

"ఎవలికి తెల్వదు సంపూర్ణా. ఆ కాయితం మళ్ల చుట్టి పెట్టు. రెండో బుక్కుల ఆ లైన్లు తప్పని రాస్తే అయిపాయె. నిన్ను నువ్వు ఎందుకు బజార్ల పెట్టుకుంటవ్?"

"ఆయన పేరు రాసి నా పేరు దాస్తే అది చరిత్ర ఎట్లయితది?"

ఆయన కోపంగా బయటికి వెళ్లిపోయాడు. కాని మర్నాడు పొద్దున్నే షీటును పాలిథిన్ కవరులో పెట్టి, "పా, నేను గూడ వస్త," అన్నాడు. ఇద్దరూ కొత్తగూడెంలో బస్సు మారి ఖమ్మం, అక్కడి నుంచి కూసుమంచి చేరి, లెక్కల సారు ఇల్లు కనుక్కున్నారు.

జైరాం వరండాలో కూర్చుని ఉన్నాడు. జుట్టంతా నెరిసింది. సంపూర్ణను వెంటనే గుర్తుపట్టాడు. కూర్చోమన్నాడు, నీళ్లు తెప్పించాడు. ఆమె షీటు పరిచి, జరిగింది జరిగినట్టు చెప్పింది. చెబుతున్నంతసేపూ ఆయన కాగితం మీదే చూపు నిలిపాడు. తన సంతకం మీద వేలు పెట్టి కాసేపు అలాగే ఉంచాడు.

"ముప్పై ఆరేండ్లు," అన్నాడు. "నిజంగ నేనే ఆరు రాసిన్నేమో అని నాకే అనుమానం ఉండేది. పిల్లలకు లెక్క చెప్పినంక ఇంటికొచ్చి మళ్ల చేసి చూస్కునేటోణ్ని. నీకు ఎరికేనా అది ఎట్లుంటదో?"

"తెల్వదు సార్. క్షమించమని అడగడానికి గూడ నాకు..."

"అడగకు. నీ మీద కోపం లేదని చెప్పను. ఉన్నది. ఆ రోజు గదిల నువ్వు, ఒక్కసారి చూసి చెప్త సార్ అన్నా అయిపోయేది. ఇప్పుడు నాకు ఆ నౌకరి వస్తదా, ఆ వయసు వస్తదా?"

స్తెఫను ఏదో అనబోతే సంపూర్ణ చెయ్యి పట్టుకుని ఆపింది.

"కొత్తగ అచ్చు వేయిస్త సార్. తప్పు నాదని రాస్త."

జైరాం కళ్లజోడు తీసి తుడుచుకున్నాడు. "రాయి. అయితే నా ఎనిమిది గూడ ఆరు లెక్కనే ఉంటదని రాయి. చూసినోళ్లు ఎవరు దాన్ని వేరే ఎనిమిదులతోని పోల్చలేదని రాయి. కోటా మాటలన్నరు సూడు, అది గూడ రాయి. సగం రాస్తే అది మళ్లొక డెబ్బై ఒకటో పేజీ అయితది."

"ముందుమాట మీరు రాయండి సార్."

"నేను రాయ," అన్నాడాయన. అంతటితో మాట ముగిసింది.

సంపూర్ణ అమ్ముడుపోని ప్రతులన్నీ దుకాణాల నుంచి వెనక్కి తెప్పించింది. కొన్నవాళ్లలో తెలిసినవాళ్లందరికీ చేత్తో ఉత్తరాలు రాసింది. ఆ అధ్యాయాన్ని మొదటి నుంచీ తిరగరాసి, పెన్సిలు షీటు ఫొటో పక్కనే తాను దించిన షీటు ఫొటో పెట్టి, కింద తన పేరు వేసి, రెండో ముద్రణ తెచ్చింది. అది చూసి పాత ఆఫీసువాళ్లు తమ గ్రూపులో విరుచుకుపడ్డారు. పోయిన పెద్దాయన పేరు పాడుచేశావని ఒకరు, ఈ వయసులో ప్రచారం కోసం పాకులాడుతున్నావని ఇంకొకరు. సాయంత్రానికి ఆమెను గ్రూపులోంచి తీసేశారు. ముప్పై ఆరేళ్లు కలిసి టిఫిన్ డబ్బాలు విప్పుకున్న మనుషులు. ఒక్కరు కూడా విడిగా ఫోన్ చేయలేదు.

ఫోన్ చేసింది సువర్ణే. నాన్న పది పుస్తకాలు తెప్పించుకుని, ఎవరెవరికి ఇవ్వాలో తానే ఎంచుకుని ఇచ్చాడని, మళ్లీ బజారుకు వెళ్తున్నాడని చెప్పింది.

"నా గురించి ఏమన్న అన్నడా?" అని అడిగింది సంపూర్ణ.

"ఏమనలేదు మేడమ్. బుక్కు మొత్తం చదివిండు. ఆ పేజీ కాడ మడత పెట్టి ఉంచిండు."

రెండో భాగం పని సాగుతోంది గాని మునుపటి వేగం లేదు. ప్రతి అంకె దగ్గరా సంపూర్ణ ఆగుతుంది, భూతద్దం పెడుతుంది, స్తెఫనును పిలిచి "ఇదేంది, చదువు," అంటుంది. ఆయన చదువుతాడు. ఆమె రాసుకుంటుంది. రాసుకున్నాక కూడా నమ్మకం కుదరక, ఆ ఇంజనీర్లలో ఎవరు ఎక్కడున్నారో కనుక్కోవడానికి చిరునామాలు వెతుకుతుంది. ఇప్పటికి ముగ్గురు దొరికారు. ఇద్దరు పోయారని తెలిసింది. ఆ ఇద్దరి షీట్లను ఏం చేయాలో ఆమెకు తోచడం లేదు.