మాస్టారు నా కోసం ఆడిన అబద్ధం

ఆక్సిజన్ ఛాంబర్‌లో గాలి ఒత్తిడి దించేటప్పుడు సన్నగా బుసకొట్టినట్టు చప్పుడవుతుంది. ఇవాళ పొద్దున ఆ చప్పుడు వింటుంటే దేవరత్నం మాస్టారు గుర్తొచ్చి నా ముఖం వేడెక్కింది.

ఆయనది గుణదల. బడిలో లెక్కలు చెప్పి రిటైరయ్యారు. ప్రొస్టేట్ క్యాన్సర్‌కు ఇచ్చిన రేడియేషన్ వల్ల మూత్రాశయం దెబ్బతిని, మూత్రంలో నెత్తురు పడేది, మూత్రమొస్తే ఆపుకోలేకపోయేవారు. లోపలి పుండ్లు మానడానికి ఒత్తిడిలో ఆక్సిజన్ పీల్చాలని డాక్టరుగారు విజయవాడలోని మా సెంటర్లో చేర్చుకున్నారు. మనిషి పట్టేంత గాజుగొట్టంలో రోజూ గంటన్నర పడుకోవాలి. నేను టెక్నీషియన్ని. నన్ను "టిఫిన్ తిన్నావా నాన్నా?" అని అడిగే పేషెంటు ఆయనొక్కరే.

ఒకరోజు లోపలినుంచి మైకులో పిలిచారు. "బాబూ, కొంచెం బయటికి తీస్తావా? అర్జెంటుగా ఉంది." ఒత్తిడి మెల్లగా దించి మళ్లీ ఎక్కించాలంటే అరగంట పోతుంది. బయట ఇంకో ఇద్దరు కాచుకుని ఉన్నారు. "ఇంకాసేపే సార్, ఓర్చుకోండి," అని మైకు ఆపేశాను. ఆయన గాజు మీద రెండుసార్లు తట్టారు. ఆ తర్వాత తట్టలేదు.

తలుపు తీసేసరికి దుప్పటి తడిసిపోయి ఉంది, అక్కడక్కడా ఎర్రగా. ఆయన కూతురు సునీతగారు, వెనకే డాక్టరుగారు వచ్చారు. "ఈయన నిన్ను పిలవలేదా?" అని డాక్టరుగారు అడిగారు. "లేదండీ, ఒక్క మాట కూడా అనలేదు," అన్నాను.

మాస్టారు ఒక్క క్షణం నావైపు చూశారు. "అవునండీ. చెప్పడానికి సిగ్గేసింది," అన్నారు.

"ఏంటి నాన్నా, చిన్నపిల్లాడిలా!" అని కూతురు కసిరింది. ఆయన తల దించుకున్నారు.

మర్నాడు నాతో మెల్లగా అన్నారు. "నీ ఉద్యోగం పోతుందేమోనని అలా చెప్పాను. ఇంకెవరైనా పిలిస్తే మాత్రం తీసెయ్ నాన్నా. లోపలున్నవాడికి నువ్వు తప్ప దిక్కులేదు." క్షమించమనే మాట గొంతుదాకా వచ్చింది. "టైమైంది సార్, పడుకోండి," అన్నాను.

సిట్టింగులు అయ్యేసరికి నెత్తురు తగ్గింది. రెండేళ్ల తర్వాత గుండెపోటుతో పోయారు. పలకరించడానికి వెళ్తే సునీతగారు కళ్లు తుడుచుకుంటూ అన్నారు. "ఆ రోజు నుంచి నాన్నని నలుగురిలోకి తీసుకెళ్లలేదండీ. అవసరమొచ్చినా నోరువిప్పి చెప్పరని భయం. మా అమ్మాయి పెళ్లికి కూడా ఇంట్లోనే ఉంచేశాం."

అప్పుడు చెప్పాను, జరిగిందంతా. ఆవిడ అరవలేదు. "ఆయనుండగా చెప్పుంటే మనవరాలి పెళ్లి చూసేవారు," అని లేచి లోపలికి వెళ్లిపోయారు.

ఇప్పుడు ఎవరు పిలిచినా మరో మాట లేకుండా ఒత్తిడి దించేస్తాను. బయటికొచ్చిన పెద్దవాళ్లు నా చెయ్యి పట్టుకుని, "నువ్వు మంచివాడివి బాబూ," అంటారు. ఆ మాటకు నేను ఇప్పటికీ తలెత్తలేను.