బాబ్జీ ఎడమచేతి కట్టు

బాబ్జీకి ఉన్న జబ్బు ఒక్కటే, మొహమాటం. మిగతావన్నీ దాని పిల్లలు. ఆ ఏడాది అతనికి భుజం పట్టేసింది, వీపు బొబ్బలెక్కింది, చీలమండ బెణికింది, మోచెయ్యి లాగేసింది. డాక్టర్లు ఒక్కోదానికి ఒక్కో పేరు పెట్టి మాత్రలిచ్చారు. అసలు జబ్బు పేరు ఒక్కడు రాస్తే ఒట్టు!

వై టూ కే పుణ్యమా అని ఊళ్ళకి ఊళ్ళు విమానాలెక్కిన రోజులవి. తణుకు పక్కనించి బాబ్జీ కూడా ఎక్కాడు. సింగపూర్‌లో ఒక జపాన్ ఇన్సూరెన్స్ కంపెనీ, దాని పాత ప్రోగ్రాముల్లో సంవత్సరం రెండంకెల్లో ఉంటే వెతికి వెతికి నాలుగంకెలు చెయ్యడం అతని ఉద్యోగం. చోవా చూ కాంగ్‌లో అద్దె ఫ్లాటు, భార్య ప్రసన్నలక్ష్మి, రెండో క్లాసు చదివే కూతురు సుస్మిత. హాయిగానే ఉండేవాడు, గణపతి లేకపోతే.

గణపతి అతని ఊరివాడే, పక్కింటివాడు. చిన్నప్పుడు వీధిలో క్రికెట్ ఆడితే బ్యాటు గణపతిది, బంతి గణపతిది, అంచేత అంపైరు కూడా గణపతే. బాబ్జీ పరిగెత్తుకొచ్చి బంతి వేసేవాడు. వేసేటప్పుడు మోచెయ్యి వంగేది. క్రికెట్‌లో చెయ్యి చాపి తిప్పాలి గానీ, మామిడికాయల్ని కొట్టినట్టు విసరకూడదు కదా! గణపతి వెంటనే చెయ్యెత్తి "త్రో! నో బాల్!" అని వీధి చివరిదాకా వినబడేలా అరిచేవాడు. కాదురా అనడానికి బాబ్జీకి మొహమాటం. అలా అలా అతని పేరు త్రో బాబ్జీ అయి కూర్చుంది. అక్కడితో వదిలిందా? ఆ గణపతి కూడా కంప్యూటర్ కోర్సు చేసి, ఇదే సింగపూర్‌కి వచ్చి, ఆదివారం ఆదివారం బాబ్జీ ఇంట్లోనే భోంచేస్తూ ఆ కథ సుస్మితకి చెప్పి పడీ పడీ నవ్వేవాడు. బాబ్జీ కూడా నవ్వేవాడు. లోపల మాత్రం చచ్చేంత ఉడుక్కునేవాడు.

ఒకనాడు ఆఫీసులో ప్రింటవుట్ తప్పొచ్చింది. బాబ్జీ దాన్ని ఉండచుట్టి, నాలుగు బల్లల అవతలున్న చెత్తబుట్టలోకి మోచెయ్యి విదిలించి విసిరాడు. సరిగ్గా బుట్టలో పడింది. తలెత్తి చూస్తే ఎదురుగా మేనేజర్ నకామురా. బాబ్జీ సారీ సారీ అంటూ లేచి నిలబడ్డాడు. నకామురా ఇంకో కాగితం ఉండచుట్టి అతని చేతిలో పెట్టాడు. అదీ పడింది. ఆ మేనేజరుకి బేస్‌బాల్ అంటే ప్రాణం. ఆదివారాలు కంపెనీల మధ్య జరిగే పోటీల్లో వాళ్ళ జట్టు ఆయనదే.

"బేస్‌బాల్‌లో మోచెయ్యి వంచొచ్చా సార్?" అని అడిగాడు బాబ్జీ, మెల్లిగా.

"వంచకపోతే ఎలా విసురుతావు?" అన్నాడు నకామురా, ఆశ్చర్యపోయి.

ఆ మాటకి బాబ్జీ కళ్ళల్లో నీళ్ళు తిరిగాయి. ఇంత వయసొచ్చాక తెలిసింది, తన చేతిది తప్పు కాదు, తను పుట్టిన వీధిలో ఆడిన ఆటదే తప్పని.

ఇంటికెళ్ళి గొప్పగా చెప్పాడు, తనని రిలీఫ్ పిచ్చర్‌గా తీసుకున్నారని. అంటే మొదట బంతులు విసిరేవాడి చెయ్యి అలిసిపోతే, చివర్లో వెళ్ళి విసిరేవాడు. అప్పటిదాకా బల్ల మీద కూర్చుని ఉంటాడు.

"మరి వాళ్ళ చెయ్యి అలిసిపోకపోతే?" అంది ప్రసన్నలక్ష్మి, చారులో తాలింపు పెడుతూ.

"కూర్చునే ఉంటాను."

"అంటే ఆటలో అరటిపండన్నమాట."

సుస్మిత హోంవర్కులోంచి తల ఎత్తింది. "డాడీ ఈజ్ ద బనానా, ఆహ్?"

ఆ పిల్ల మామూలుగానే అడిగింది. బాబ్జీకి మాత్రం గుండెల్లో గుచ్చుకుంది. ఒక్క నిజమైన మ్యాచ్‌లో, అందరి ముందూ, ఎవడూ నో బాల్ అనకుండా బంతి విసరాలి, ఇదే ఇంక అతని కోరిక. ఇది వాయిదా వేసుకునే కోరిక కాదు. ఏడాది చివర్లో ప్రాజెక్టు అయిపోతుంది, నకామురా ఒసాకా వెళ్ళిపోతాడు, జట్టు చెల్లాచెదురవుతుంది. ఉన్నది ఈ ఒక్క సీజనే.

మరి దేవుడు ఊరుకుంటాడా? దేవుడు ఊరుకున్నా గణపతి ఊరుకోడు కదా.

మొదటి మ్యాచ్‌కి ముందు గణపతి బెడోక్‌కి ఇల్లు మారాడు. "ఒరేయ్, నువ్విప్పుడు ప్లేయర్‌వి. బీరువా ఆ కొస నువ్వు పట్టుకో" అన్నాడు. అప్పటి బ్లాకుల్లో లిఫ్టు అన్ని అంతస్తుల్లోనూ ఆగేది కాదు. ఆగిన చోటినించి మెట్లమీద మొయ్యాలి. సగం మెట్లెక్కాక "ఉండు, తాళాలు కిందే మర్చిపోయా" అని గణపతి తన కొస వదిలేసి దిగిపోయాడు. పిలవడానికి మొహమాటపడి బాబ్జీ ఆ బీరువాని భుజమ్మీద ఆనించుకుని అలాగే నిలబడ్డాడు. భుజం పట్టేసింది. మొదటి మ్యాచులు కొట్టుకుపోయాయి.

జట్టులో క్యాచర్ టాన్, అంటే బ్యాటు వెనక కూర్చుని బంతి పట్టేవాడు, మంచివాడు. తనకి తెలిసిన చైనా ఎముకల వైద్యుడి దగ్గరికి తీసుకెళ్ళాడు. ఆ పెద్దాయన వీపు మీద వేడి వేడి నల్లటి పట్టు వేసి, "హాట్ ఆర్ నాట్?" అని అడిగాడు. ఒళ్ళు కాలిపోతోంది. అంత పెద్దాయన అంత ప్రేమగా అడిగితే కాలుతోందని ఎలా చెబుతాం? "ఓకే, ఓకే" అన్నాడు బాబ్జీ. ఆయన సంతోషించి ఇంకోటి వేశాడు. భుజం తగ్గింది, వీపంతా బొబ్బలు.

ఇది కచ్చితంగా దిష్టే అని తేల్చింది ప్రసన్నలక్ష్మి. ఉప్పూ ఎండుమిరపకాయలూ తిప్పి బొగ్గుల మీద వేసింది. దిష్టి తగిలితే ఘాటు రాదంటారు. వచ్చిన ఘాటుకి ఆ అంతస్తు మొత్తం దగ్గింది. ఒక చైనా అవ్వ తడిగుడ్డ మూతికి అడ్డం పెట్టుకుని బయటికొచ్చింది, ఎవరో అగ్నిమాపకం వాళ్ళని పిలవమని అరిచారు. బాబ్జీ లుంగీతోనే గుమ్మం గుమ్మానికీ వెళ్ళి సారీ చెప్పాడు. ఆఖరి గుమ్మం ముందు అప్పుడే తుడిచిన నేల. జారాడు, చీలమండ బెణికింది.

"చూశారా, దిష్టి మామూలుది కాదండీ" అంది ప్రసన్నలక్ష్మి.

చీలమండ సర్దుకునే వేళకి సుస్మిత స్కూల్లో తల్లిదండ్రుల ఆటలు. తాడు లాగే పోటీకి ఒక నాన్న తక్కువయ్యాడు. టీచరు చుట్టూ చూసింది. ఎవరి కళ్ళు దొరికాయో వేరే చెప్పాలా? కుడి మోచెయ్యి కలుక్కుమంది. సీజన్‌లో మిగిలింది ఆఖరి మ్యాచ్, దానికి రెండే వారాలు. అప్పటికి బాబ్జీ ఒక్క బంతి విసిరితే ఒట్టు. నకామురా పాపం తిట్టలేదు, బల్ల మీద అతని పక్కన కూర్చుని గట్టిగా నిట్టూర్చాడు. తిట్టినా బాగుండేది.

అప్పుడు వచ్చింది వీరమ్మ ఆంటీ. కింది అంతస్తులో ఉంటుంది. వాళ్ళ తాతలు తెల్లవాళ్ళ కాలంలో విశాఖ వైపునించి ఓడెక్కి వచ్చినవాళ్ళు. వాళ్ళ నాన్న డాక్‌యార్డులో పనివాళ్ళకి పసరు కట్టు కట్టేవాడట. కోడిగుడ్డు సొన, ఏవో ఆకులు, వెదురు బద్దలు సంచీలో వేసుకుని మరీ వచ్చింది. చేతిలో గ్లాసుడు మజ్జిగ కూడా.

"అలామక్! ఏటయిపోనావు బాబూ! ముందిది తాగు" అని గ్లాసు చాపింది.

పెద్దావిడ ఇస్తుంటే ఎడమచేత్తో అందుకుంటామా? తప్పు కదూ! నొప్పెడుతున్నా బాబ్జీ కుడిచేత్తోనే అందుకున్నాడు. ఖాళీగా ఉన్నది ఎడమచెయ్యి. ఆంటీ దాన్ని లాక్కుని ఒళ్ళో పెట్టుకుంది.

"ఆంటీ, అదీ..."

"నువ్వు చెప్పకు. చెయ్యి సూస్తే నాకు తెలీదేటి, ఎక్కడ సకిట్టో, ఎక్కడ నొప్పో! మా నాన దగ్గిర నేర్సుకున్నాను."

బాబ్జీ ప్రసన్నలక్ష్మి కోసం చూశాడు. ఆవిడ వంటింట్లో ఉంది. ఆంటీ అప్పటికే గుడ్డుసొన పూసేసింది. ఇంత దూరం వచ్చాక ఆ చెయ్యి కాదంటే ఆవిడ మనసు ఎంత నొచ్చుకుంటుంది! మోచేతినించి వేళ్ళ మొదళ్ళదాకా వెదురు బద్దలు పెట్టి బిగించేసింది.

"ఆట అయినదాకా ఇప్పితే మా నాన మీద ఒట్టు. నానూ వచ్చి సూస్తాను" అంది.

ఇక్కడో చిత్రం జరిగింది. ఆ కట్టు చూసి ఆఫీసులో ఎవరూ బాబ్జీకి అదనపు పని చెప్పలేదు. టీవీ మొయ్యడానికి పిలుద్దామని వచ్చిన గణపతి "అయ్యో" అని వెనక్కి తిరిగాడు. ప్రసన్నలక్ష్మి బియ్యం బస్తా తనే తెచ్చుకుంది. ఏమీ కాని ఎడమచెయ్యి అందరికీ వద్దు వద్దని చెబుతుంటే, దెబ్బ తగిలిన కుడిచెయ్యి జీవితంలో మొదటిసారి విశ్రాంతి తీసుకుంది. ఆఖరి ఆదివారానికి నొప్పి మాయం.

కల్లాంగ్ దగ్గర మైదానం. ఎండ మాడ్చేస్తోంది. మెట్లమీద ప్రసన్నలక్ష్మి, సుస్మిత, గొడుగేసుకుని వీరమ్మ ఆంటీ, ఆవిడ పులిహోర డబ్బా మూత తీసి గణపతి. ఆట ఆఖరికొచ్చింది. బాబ్జీ జట్టు ఒక్క పరుగు ముందుంది, అవతలివాళ్ళలో ఇంకొక్కణ్ణి అవుట్ చేస్తే గెలుపు. సరిగ్గా అప్పుడు బాబ్జీ జట్టు పిచ్చర్ చెయ్యి పట్టుకుని కూలబడ్డాడు. నకామురా బల్ల వైపు చూశాడు. బల్ల మీద ఉన్నది బాబ్జీ ఒక్కడే, ఎడమచేతికి వెదురు బద్దలతో, కోడిగుడ్డు వాసనతో.

"విసరగలవా?"

"కుడిచెయ్యి బాగానే ఉంది సార్."

"మరి కట్టు?"

"అది మొహమాటానికండి" అన్నాడు బాబ్జీ. నకామురాకి అర్థం కాలేదు. పొమ్మన్నాడు.

కట్టు మీద గ్లవ్ పట్టదు కదా, విసిరిన బంతి తిరిగొస్తే పట్టుకోలేడు. అంచేత ప్రతిసారీ టాన్ తన చోటినించి నడుచుకుంటూ వచ్చి బంతి చేతిలో పెట్టి వెళ్ళాలి. ప్రతిసారీ బాబ్జీ థాంక్యూ, సారీ చెప్పాలి. అవతలి జట్టు నవ్వడం మొదలెట్టింది. బాబ్జీ కుడి అరచెయ్యి ప్యాంటుకి తుడుచుకున్నాడు. ఊపిరి పీల్చుకుని, మోచెయ్యి వంచి, విదిలించి విసిరాడు. బ్యాటు గాల్లో తిరిగింది, బంతి టాన్ గ్లవ్‌లో పడింది. అంపైరు కుడిచెయ్యి పైకెత్తాడు.

అంపైరు చెయ్యెత్తడం గణపతి చూశాడు. ఇంకేముంది! నోట్లో పులిహోర ఉండగానే లేచి నిలబడి తనూ చెయ్యెత్తి, "త్రో! నో బాల్! నేను ముందే చెప్పానా!" అని మైదానమంతా దద్దరిల్లేలా అరిచాడు.

ఆట ఆగింది. అంపైరు వెనక్కి తిరిగి చూశాడు. బాబ్జీ మెడ దానంతటదే వంగిపోయింది, వీధిలో వంగినట్టే. చిన్నప్పటినించీ ఆ అరుపుకి అలవాటుపడ్డ మెడ అది. వంగినవాడికి మెట్లమీద సుస్మిత కనిపించింది. ఆ పిల్ల గణపతి వైపు ఒకసారి, తన వైపు ఒకసారి చూస్తోంది. బాబ్జీకి ఒళ్ళు మండిపోయింది.

"అవున్రా! త్రోనే!" అని అరిచాడు. "ఇక్కడ త్రోనే వెయ్యాలి! ఆయన చెయ్యెత్తింది స్ట్రైక్ అని, బంతి బాగుందని! నోరు మూసుకుని కూర్చో!"

తన గొంతు అంత పెద్దదని బాబ్జీకే తెలీదు. గణపతి టక్కున కూర్చున్నాడు. ప్రసన్నలక్ష్మి మాత్రం లేచి నిలబడింది.

రెండో బంతికి కూడా అంపైరు చెయ్యి లేచింది. మూడోది విసిరే వేళకి గుడ్డుసొన వాసనకి గడ్డిలోంచి ఎర్రచీమలు పాకి వచ్చి కట్టులో దూరాయి. బాబ్జీ ఓ గంతు వేసి మరీ విసిరాడు. ఈసారి బ్యాటుకి తగిలింది. బంతి సూటిగా బాబ్జీ ముఖం మీదికే వచ్చింది. చేతికి గ్లవ్ లేదు. కళ్ళు మూసుకుని, "అమ్మో!" అని ఎడమచెయ్యి అడ్డం పెట్టాడు. టక్కుమని వెదురు బద్దలకి తగిలి బంతి పైకి లేచింది. కళ్ళు తెరిచేసరికి నెత్తిమీదనించి దిగుతోంది. కింద పడకముందే కుడిచేత్తో పట్టేశాడు. అంపైరు మళ్ళీ చెయ్యెత్తాడు, ఈసారి అవుట్ అని.

తర్వాత ఎవరు ఎవర్ని కౌగిలించుకున్నారో చెప్పలేం. నకామురా కళ్ళద్దాలు తుడుచుకున్నాడు. వీరమ్మ ఆంటీ గొడుగు పారేసి పరిగెత్తుకొచ్చింది.

"సూశారా! ఆ చెయ్యి కట్టకపోతే ఈపాటికి ఇరిగిపోయి ఉండును! నాకు ముందే తెలుసు. ఇంకో రెండు వారాలు ఉంచు బాబూ."

బాబ్జీ చీమల బాధకి మెలికలు తిరుగుతూ ఆవిడ ముఖం చూశాడు. ఎంత సంతోషంగా ఉందో! "అలాగే ఆంటీ" అన్నాడు.

గణపతి చివరికొచ్చాడు. కాసేపు గడ్డి చూశాడు, బూట్లు చూశాడు. "బానే వేశావురా" అని గొణిగాడు. వెంటనే ఎప్పటి గొంతు తెచ్చుకుని, "అన్నట్టు, కుడిచెయ్యి బావుందిగా. వచ్చే ఆదివారం ఆ బీరువా మళ్ళీ మార్చాలి, పొద్దున్నే వచ్చెయ్" అన్నాడు.

"కుదరదురా" అన్నాడు బాబ్జీ.

ఎంత తేలిగ్గా వచ్చింది ఆ మాట! అన్నాక ఏమీ కూలిపోలేదు. ఆకాశం అక్కడే ఉంది.  గణపతి చాలాసేపు చూశాడు బాబ్జీని, అప్పుడే ఎవరో పరిచయం చేసినట్టు. తర్వాత మెల్లిగా, కొంచెం సిగ్గుపడుతూ, కుడిచెయ్యి పైకెత్తాడు.

"స్ట్రైక్ లా!" అని గెంతింది సుస్మిత. "మమ్మీ, సీ! డాడీ నాట్ బనానా!"