సగం బలం దగ్గర ఆగమన్న వైద్యుడు

వైశాఖ మాసం, మంగళవారం, పొద్దున ఏడు గంటలు. డెబ్బైల మొదట్లో మాట. గోదావరిఖనిలో మా క్వార్టరు ముందర నేలకు వంగి లేస్తూ దండీలు తీస్తున్న నా తమ్ముడి ముక్కు నుంచి రక్తం కారింది. వాడు మోకాళ్ల మీద కూలబడ్డాడు. గురువారం వాడికి బొగ్గుబాయి నౌకరీ పరీక్ష. బొగ్గు నింపిన తట్ట నెత్తిన పెట్టుకొని ఎండలో దూరంగా పాతిన జెండా దాకా పోయి రావాలి. నడుమ దించితే నౌకరీ లేదు. ఊళ్లో చూద్దామంటే భూమి లేదు.

అంతకు పది రోజుల ముందు, మంథని నుంచి వచ్చి మా వాడలో మందులిచ్చే వైద్యుని దగ్గరికి వాణ్ణి నేనే తీసుకుపోయాను. ఆయన పుస్తకం తిరగేసి, కసరత్తు చేస్తే ఒళ్లు తేలికవుతుంది, ఆకలి పుడుతుంది, పనికి ఓపిక వస్తుంది అన్నాడు. అక్కడిదాకా బాగానే ఉంది. ఆ తర్వాత అందుకున్నాడు.

"సగం బలమే వాడాలె. నుదుట చెమట వట్టి, నోరు ఎండంగనే ఆపాలె. ఎండకాలంల ఇంకా తక్కువ. అంతకు మించి చేస్తె దగ్గు, జ్వరం, రక్తం పడుడు."

నాకు అప్పటికి అక్షరం రాదు. పుస్తకం చూసి చెప్పేవాళ్లంటే అనుమానం. పైగా బొగ్గుబాయిలో పనిచేసే మాకు దిగిన గడియకే చెమట పడుతుంది. చెమట పట్టగానే ఆపితే బొగ్గు నింపే ఒక్క టబ్బు బండీ నిండదు. ఇంకో సంగతి కూడా ఉంది. ఆ వైద్యుని ఇంట్లో కిరాయికున్నవాళ్ల కొడుకు అదే పరీక్షకు పోతున్నాడు, నౌకరీలేమో కొన్నే. మావాణ్ణి వెనక్కి లాగడానికే సగం అంటున్నాడనుకున్నాను. రోజూ తెల్లారకముందే లేపి, వాడు చాలన్న తర్వాత ఇంకో వంద తీయించాను.

రక్తం చూసి నా భార్య వైద్యుణ్ణి పిలుచుకొచ్చింది. ఆయన వాడి తల ముందుకు వంచి, ముక్కు నొక్కిపట్టి, "గురువారం దాక పండనియ్యి. పాలు, నెయ్యి పెట్టు. దండీలు బంద్," అన్నాడు.

"మావోడు పండుకుంటె మీ కిరాయోళ్ల పిలగాడు గెలుస్తడు గదా, అయ్యగారూ!" అని మొహం మీదే అన్నాను.

"వానికీ గిదే చెప్పిన. వాడు విన్నడు."

నేను నమ్మలేదు. "లే, ఇంకో ముప్పై తియ్యి," అన్నాను తమ్ముడితో.

నా భార్యకు మండింది. "నువ్వు తియ్యరాదు ఆ ముప్పై! మేం చూస్తం."

పంతానికి అంగీ విప్పాను. పక్కింటి అవ్వ గోడ మీది నుంచి లెక్కపెట్టింది. పన్నెండుకు నుదురు తడిసింది. పదహారుకు నోరు ఎండింది. ఇరవైకి ఛాతీ నేలకు ఆని, మళ్లీ లేవలేదు.

"వదినె, అన్నకు నీళ్లియ్యి," ముక్కుకు బట్ట పెట్టుకొనే నవ్వాడు తమ్ముడు.

"నవ్వింది చాలు గని, పోయి పండుకో," అన్నాను.

గురువారం వాడు తట్ట దించలేదు. ఆ కిరాయివాళ్ల పిల్లవాడూ దించలేదు. ఇద్దరికీ నౌకరీ వచ్చింది. వైద్యుడు మా మేలుకే చెప్పాడా అన్న అనుమానం నాకు పూర్తిగా పోలేదు. ఆ రక్తం మాత్రం నా మూలంగా కారిందే.

ఆ మంగళవారం అక్కడుండి ఇదంతా చూసింది నా తమ్ముడు, నా భార్య, మంథని వైద్యుడు, పక్కింటి అవ్వ, నేను.