గెడ్డలో రాళ్లు పేర్చిన మా బావ

ఎక్కేశాయండీ! మా అమ్మాయి బాగుచేసిన గెడ్డలో పరిగె చేపలు, రొయ్యపిల్లలు పాత కట్ట దాటి పైకి ఎక్కేశాయి! ఈ కబురు అందరికంటే ముందు వినవలసినవాడు మా బావ. నా భార్యకు అన్న, మా అమ్మాయికి మేనమామ. పన్నెండు రోజుల కిందట వాన కోసం ఆకాశం చూస్తూ, గుండెల్లో నొప్పని అరుగు మీద కూర్చున్నాడు. మరి లేవలేదు. ఏడుస్తూ నవ్వుతూ రాస్తున్నాను. నా చదువు ఐదో తరగతి, తప్పులుంటే సర్దుకోండి.

పెందుర్తి అవతల కొండల్లోంచి దిగి సముద్రంలో కలిసే వాగు ఆ గెడ్డ. మధ్యలో నడుమెత్తు కట్ట ఉంది. పొలాలకు నీరు నిలపడానికి ఎప్పుడో కట్టారు. దాంతో కింది చేప కిందే ఉండిపోయింది, పైన చేపే లేకుండా పోయింది. మా అమ్మాయి చదివింది చేపల చదువు, ఆఫీసు మధురవాడలో. కట్టకు ఒక పక్క గండి కొట్టించి, చేప ఎక్కడానికి ఏటవాలుగా రాళ్లు పోయించింది. పైనున్న రైతులు ఒప్పుకున్నారు గాని ఒక్క మాట అన్నారు. ఈ వానాకాలం చూస్తారట, చేప రాకపోతే గండి మూసేస్తారట. అది విన్న రోజు నుంచి అమ్మాయికి నిద్ర లేదు.

ఇక నేను చేసిన ఘనకార్యం. నేను తాపీమేస్త్రీని. ఆ రాళ్లు చూస్తే నా ప్రాణం ఒప్పలేదు. ఒకటి ఎత్తు, ఒకటి పల్లం. నా బిడ్డ పని ఇంత మొరటుగా ఉంటే నలుగురూ ఏమనుకుంటారు? తను ఊళ్లో లేని రోజు చూసుకుని, సిమెంటు పోసి నున్నగా గచ్చు చేసేశాను. అద్దంలా వచ్చింది! గొప్పగా బావని పిలిచి చూపించాను.

ఉక్కునగరం క్వార్టర్సులో ఉండి షిఫ్టులు చేసిన మనిషాయన. రిటైరైనా ఫ్యాక్టరీ వాళ్లిచ్చిన ఇనప బూట్లు వదల్లేదు. వాటితోనే నీళ్లలో దిగి, గచ్చు మీద చెయ్యి రాశాడు.

"ఏటి బావా, సేపలకి జారుడుబల్ల కట్టినావా?"

"నీటుగా లేదేటి?"

"నీటుగానే ఉంది. సేపే ఎక్కలేదు, అంతే."

అమ్మాయి వచ్చి చూసింది. గట్టు మీద కూలబడిపోయింది. అది తిట్టినా బాగుండేది. "నాన్నా, ఇక్కడ నీళ్లే ఆగకపోతే చేపలు ఎక్కడ ఆగుతాయి?" అంది చివరికి.

"ఏడవకే తల్లీ. మీ నాన్న గోడలు కట్టినోడు, నాను గెడ్డలో పడి పెరిగినోడ్ని. ఇద్దరం సూసుకుంటాం" అని బావ గునపం తెచ్చాడు.

ముసలాళ్లమిద్దరం నా గచ్చంతా పగలగొట్టాం. తర్వాత ఆయన ఒక్కో రాయి పెట్టడం, దానికి ఎగువన గుప్పెడు మరమరాలు నీళ్లలో వదలడం. అవి సర్రున జారిపోతే రాయి మార్చేవాడు. రాతి వెనక గిర్రున తిరిగితే మురిసిపోయేవాడు. "అదిగో, సేప ఇక్కడ కూకుని ఊపిరి తీసుకుంటాది." పొట్లంలో చెయ్యి పెట్టి నేను తింటుంటే, "నువ్వే మేసేత్తే గెడ్డకేటి మిగులుతాది బావా!" అని కసిరేవాడు.

ఇంకో మాట ఎప్పుడూ అనేవాడు: "సేపకీ షిఫ్టుంటాది. కొత్తనీరు దిగినప్పుడే డ్యూటీ ఎక్కుతాది. ఆ టైముకి నీరు లేకపోతే ఏటి సేత్తాది?" అందుకని పైనున్న రైతుల ఇంటింటికీ వెళ్లాడు. మొదటి వాన నీరు రెండు రోజులు పొలాలకు మళ్లించవద్దని బతిమాలాడు. గొంతు పెంచేవాడు కాదు. ఇచ్చిన టీ తాగి, మాట తీసుకుని వచ్చేవాడు.

మనిషి పోయాక ఆ మాట ఉంటుందా అని భయపడ్డాను. మొన్న వాన కొట్టింది. ఒక్కరూ పొలానికి తూము ఎత్తలేదు!

తెల్లారగానే అమ్మాయి ఫోను, "నాన్నా, రా, రా!" అని. పరుగున వెళ్లి చూశాను. పరిగెలు వెండి రేకుల్లా ఎగిరి, రాతి వెనక ఆగి, మళ్లీ పై రాతికి ఎగురుతున్నాయి. రొయ్యపిల్లలైతే నడుస్తున్నాయండీ! తడిరాతిని కాళ్లతో పట్టుకుని, నీటి అంచునే, ఒకదాని వెనక ఒకటి. గోరంత లేవు. ఒళ్లంతా గాజు.

"ఇవి సముద్రం పక్క ఉప్పునీళ్లలో పెరిగాయి నాన్నా. మంచినీళ్లు వెతుక్కుంటూ వస్తున్నాయి."

"దారెవరు చెప్పారే వీటికి?"

"పారే నీళ్లే."

ఓడలు ఆగే రేవు దాటి, లారీల రోడ్ల కిందనుంచి, ఇంత దూరం! నేను దణ్ణం పెట్టేశాను. పక్కనే నిలబడ్డ పై రైతు ఒకాయన తువ్వాలు తీసి కళ్లొత్తుకున్నాడు. "మీ బావ సెప్పినట్టే వచ్చీసినాయి. గండి ఇంక మూయం" అన్నాడు.

ఇప్పుడు ఈ కబురు అందవలసిన వాళ్లు: విజయనగరంలో మా చెల్లెలు. గాజువాకలో తమ్ముడు. అనకాపల్లి మేనత్త, చెవుడు కాబట్టి గట్టిగా చెప్పాలి. బావ పెద్దకొడుకు, కోడలు, ఆమె పుట్టింటివారు. ఆఖరున బావ భార్య, నాకు అక్క వరస. ఆయన పోయిన దగ్గర్నుంచి గుమ్మం దాటలేదు. ఆమెకు ఫోన్లో చెప్పను. ఎవరేమనుకున్నా సరే, రేపు పొద్దున్న చెయ్యి పట్టుకుని తీసుకెళ్లి ఆ రాళ్ల మధ్య నీళ్లలో నిలబెడతాను. పైకి పోయే రొయ్యపిల్లలు ఆమె పాదాల మీదుగా ఎక్కి పోతాయి.