లోడు ఖరారైతే ఒక సిగరెట్టు

2022లో విజయవాడ గవర్నర్‌పేటలోని ఒక ప్రైవేటు ఆసుపత్రిలో, సర్జికల్ వార్డు నర్సుగా చేరాను. బీఎస్సీ నర్సింగ్. మా ఇంటి మొత్తంలో డిగ్రీ చదివిన మొదటి మనిషిని నేనే. ఇప్పుడింకో సంతోషం: పేగు జబ్బుల క్లినిక్‌లో రోగులకు జాగ్రత్తలు చెప్పే బాధ్యత నాకిచ్చారు. భవానీపురంలో మా వీధి వీధంతా తిరిగి నాన్నే ఈ కబురు చెప్పొచ్చారు! కానీ ఆ క్లినిక్ గదిలో కూర్చున్న మొదటి రోజే నాకు మస్తాన్ గారు గుర్తొచ్చారు.

ఆయనకు హనుమాన్ జంక్షన్‌లో లారీ బుకింగ్ ఆఫీసు. జబ్బు క్రోన్స్. పేగు గోడ లోపలిదాకా వాచి పుండ్లు పడతాయి. ఆయనకు పేగుకు రంధ్రం కూడా పడింది. చిన్నపేగు చివరి భాగం తీసేసి అతుకు వేశారు. దీన్ని రిసెక్షన్ అంటాం.

డిశ్చార్జి రోజున ఆయన నవ్వారు. "కోసి పారేశారుగా సిస్టర్, ఇంకేం మిగిలిందని వాయడానికి?"

"మిగతా పేగుందిగా అండీ. జబ్బు ఎక్కువగా అతుకు దగ్గరే మళ్ళీ మొదలవుతుంది. రంధ్రం పడినవాళ్ళకి ఆ భయం ఎక్కువ, దాన్ని మనం మార్చలేం. సిగరెట్టు మానడం, మందులు ఆపకపోవడం మాత్రం మీ చేతుల్లోనే ఉంది. నొప్పి లేకపోయినా ఆరు నెలలకి కొలనోస్కోపీకి రండి. గొట్టంతో లోపల చూస్తారు."

"విన్నారా?" అంది ఆయన భార్య షబానా. "నేను చెప్తే టీవీ సౌండు పెంచుతారు సిస్టర్."

ఆరు నెలలకు ఆయన రాలేదు. ఫోన్ చేశాను.

"బరువు పెరిగానమ్మా, బిర్యానీ కూడా అరుగుతోంది. బాగున్నోడికి గొట్టం ఎందుకు?"

ఏడాది దాటాక వచ్చారు. చొక్కా వదులైపోయింది. కొలనోస్కోపీలో చూస్తే అతుకు చుట్టూ పుండ్లు, పేగు దారి బాగా సన్నబడింది. మందులు ఎప్పుడో ఆపేశారు.

"సిగరెట్టో?" అని అడిగాను.

"లోడు ఖరారైతే సరుకు పంపే ఆయనా నేనూ చెరొకటి వెలిగించాలి సిస్టర్. వద్దంటే రేటు నచ్చలేదనుకుంటారు. మొదట్లో వెలిగించి ఊరికే వేళ్ళ మధ్య పెట్టుకునేవాణ్ణి."

షబానా ఆయన వైపు చూడలేదు. "ఇంట్లో ఒక్కటీ తాగలేదు సిస్టర్. మానేశారనే అనుకున్నా."

మళ్ళీ ఆపరేషన్ చేయాల్సి వచ్చింది. థియేటర్‌కి తీసుకెళ్తుంటే ఆయన నా చెయ్యి పట్టుకున్నారు. "ఇలా ఇంకెన్నిసార్లు కోయొచ్చమ్మా?"

ఆ ఆపరేషన్‌లో పేగుది ఇంకో ముక్క పోయింది. ఇప్పుడు భోజనం చేసిన వెంటనే బాత్రూమ్ ఎక్కడుందో వెతుక్కునే బతుకు ఆయనది.

సిగరెట్టు మానినా ఈ జబ్బు తిరగబెట్టదని ఎవరూ హామీ ఇవ్వలేరు. అయినా మానాల్సిందే. మా నర్సింగ్ పుస్తకంలో 'పొగతాగడం' ఒక కారణం మాత్రమే. హనుమాన్ జంక్షన్‌లో మాత్రం అది బేరం మీద పెట్టే సంతకం. అందుకే ఇప్పుడు ప్రతి రోగినీ ముందు పని గురించే అడుగుతాను. అక్కడ మీకు సిగరెట్టు ఇచ్చేదెవరు, వాళ్ళని ఒకసారి తీసుకురాగలరా అంటాను. మొన్న ఒకాయన తన వ్యాపార పార్ట్‌నర్‌ని వెంటబెట్టుకొచ్చాడు. ఇద్దరూ శ్రద్ధగా విన్నారు.

మస్తాన్ గారి పక్కన ఆ డిశ్చార్జి రోజున షబానా ఒక్కతే కూర్చుంది. ఆయనతో లోడు బేరం చేసేవాళ్ళని పిలవాలని నాకప్పుడు తట్టలేదు.