రెండు చోట్ల రాసిన మీటరు

ఎనభైల చివరి వానాకాలాలు తలుచుకుంటే నాకు ముందు గొంతు వినిపిస్తుంది, ఆ తర్వాతే ఏదైనా కనిపిస్తుంది. వైర్‌లెస్ పెట్టెలో గాలి, చినుకులు, దూరం అన్నీ కలిసి గరగరమనేవి. ఆ గరగరలోంచి, ములకలపల్లి అవతల అడవిలో వాగు ఒడ్డున నిలబడ్డ ఒకాయన అంకెలు చెప్పేవాడు. "రెండు... డెబ్బై. మల్ల చెప్తున్న, రెండు డెబ్బై." కొత్తగూడెంలో మా ఆఫీసు గదిలో కూర్చున్న నాకు ఆ మాటతోపాటే తడిసిన వెదురు వాసన కూడా వచ్చినట్టుండేది. గదిలో వెదురు ఎక్కడిది? అయినా వచ్చేది.

అది వాగుల నీటిమట్టాలు చూసే చిన్న ఆఫీసు. అడవిలో నాలుగు చోట్ల వాగుల్లో గేజీలు, అంటే మీటర్లూ సెంటీమీటర్లూ రంగుతో రాసిన కొలబద్దలు, పాతి ఉండేవి. గేజీ రీడర్లు గంట గంటకీ నీళ్లు ఎక్కడిదాకా వచ్చాయో చూసి వైర్‌లెస్‌లో చెప్పేవాళ్లు. ఆ అంకెలు కంప్యూటర్లో కొడితే, కింద ఉన్న గూడేల దగ్గరికి నీళ్లు ఎప్పుడు, ఎంత ఎత్తున వస్తాయో లెక్క కట్టి చెప్పేది. ఆ ప్రోగ్రాము చూసుకోవడం నా ఉద్యోగం. బొగ్గు గని కార్మికుడి బిడ్డను. పాలిటెక్నిక్ అయ్యాక ఆరు నెలలు కంప్యూటర్ నేర్చుకుని వచ్చాను. నల్లటి తెర మీద పచ్చటి అక్షరాలు వానచీకటి పడ్డ మధ్యాహ్నాల్లో మిణుగురుల్లా కనిపించేవి. చూస్తూ చూస్తూ నేనెక్కడున్నానో మర్చిపోయేదాన్ని.

ప్రోగ్రాములో అక్కడక్కడా కామెంట్లు రాసేదాన్ని. వాటిని మిషన్ చదవదు, దాటేసి వెళ్లిపోతుంది. ఈ లెక్క ఎందుకు ఇలా వేశామో రేపు వచ్చే మనిషికి తెలియడానికే అవి. ఆ మిషన్‌కు తెలుగు రాదు కాబట్టి తెలుగు మాటల్నే ఇంగ్లీషు అక్షరాల్లో కొట్టేదాన్ని. ఆ వాక్యాలంటే నాకు ఇష్టంగా ఉండేది. ఎవరికో ఉత్తరం రాస్తున్నట్టు రాసుకునేదాన్ని.

అవి కాక ఒక పుస్తకం ఉండేది. మిషన్ నడిపేవాళ్లు ప్రోగ్రాము విప్పి చూడరు కదా, వాళ్ల కోసం ఏ అంకె ఎక్కడ కొట్టాలో, ఏ గేజీకి ఏ జాగ్రత్త తీసుకోవాలో అందులో తెలుగులో టైపు చేసి ఉండేది. ఆ పుస్తకం మా టైపిస్టు అక్కది. ఆవిడ వాళ్లు కృష్ణా జిల్లా నుంచి సత్తుపల్లి వైపు వచ్చి పొలాలు కొనుక్కున్నవాళ్లు. యాభై దగ్గరపడ్డ మనిషి. ఒక్క అక్షరం తప్పుపడినా పేజీ మొత్తం మళ్లీ కొట్టేది. "అమ్మాయ్, ఈ పుస్తకం చూసి ఒక ఊరు నిద్రపోతుంది. కొట్టివేతలుంటే ఎలా?" అనేది.

నేను చేరిన ఏడాదే ఆ వైర్‌లెస్ గొంతాయన గేజీ కొట్టుకుపోయింది. ఆయన కోయ మనిషి, మా నాన్న ఈడు ఉంటుంది. కాకా అని పిలిచేదాన్ని. కొత్త కొలబద్దని ఆయనే దగ్గరుండి, ఒడ్డున పైనున్న బండకు బిగించాడు. పాతదానికంటే అది సరిగ్గా ఒక మీటరు ఎత్తులో ఉంది. అంటే ఆయన రెండు అని చదివితే పాత లెక్కన మూడు అన్నమాట. అక్క పుస్తకంలో ఒక పేజీ చేర్చింది: ఈ గేజీ అంకెకు ఒక మీటరు కలిపి మిషన్‌లో కొట్టవలెను.

మరుసటి వేసవిలో, పని లేని ఒక మధ్యాహ్నం, ఆ మీటరు మనుషులు కలపడం ఎందుకు, మరిచిపోతే ఎలా అనిపించింది. ప్రోగ్రామే కలుపుకునేట్టు మార్చాను. పైన శ్రద్ధగా కామెంటు కూడా రాశాను: బండ మీది గేజీ కనుక ఇక్కడే ఒక మీటరు కలుపుతున్నాం, ఇక ఎవరూ చేత్తో కలపనక్కర్లేదు. రాసి, దాన్ని రెండుసార్లు చదువుకుని మురిసిపోయాను. బయట ఎండ కిటికీ ఊచల మధ్యనుంచి నేల మీద పడి మెల్లగా జరుగుతోంది. అక్క ఆ వారం సెలవులో ఉంది. వచ్చాక చెబుదాం అనుకున్నాను. ఆవిడ వచ్చింది. నేను చెప్పలేదు. కామెంటు రాసేశాను కదా, చెప్పేసినట్టే అనిపించి ఉంటుంది.

శ్రావణంలో ముసురు పట్టింది. నాకు జ్వరం వచ్చి గని కార్మికుల క్వార్టర్లో మా ఇంట్లోనే పడుకున్నాను. ఒంటిమీద తెలివి ఉన్నట్టూ లేనట్టూ ఉండేది. రేకుల మీద వాన చప్పుడు ఒకసారి దగ్గరగా, ఒకసారి ఎక్కడో కొండ మీద వినిపించేది. ఆ రోజు ఆఫీసులో నా బదులు మిషన్ దగ్గర వైర్‌లెస్ ఆపరేటర్ కూర్చున్నాడు. ఒద్దికైన మనిషి. పుస్తకంలో ఉన్నది ఉన్నట్టు చేశాడు. కాకా చెప్పిన అంకెకు ఒక మీటరు కలిపి కొట్టాడు. దాని మీద ప్రోగ్రాము ఇంకో మీటరు కలిపింది. సాయంత్రానికి వాగు కిందివైపు గూడెం మునుగుతుందని తెర మీద వచ్చింది.

ఆ గూడెం కాకాదే. గేజీ దగ్గర్నుంచి వాగు కొండ చుట్టూ తిరిగి గూడెం చేరడానికి నాలుగు గంటలు పడుతుంది. అడ్డదారిన సైకిల్ మీద గంట. వైర్‌లెస్‌లో కబురు అందగానే కాకా తోటి రీడర్‌ను గేజీ దగ్గర ఉంచి, సైకిలేసుకుని వెళ్లి గూడెమంతా తిరిగి చెప్పాడు. జనం విత్తనం జొన్నలు, ఇప్పపువ్వు నెత్తిన పెట్టుకుని, వానలో తడుస్తూ మిట్ట మీది బడికి ఎక్కారు. ఎక్కేటప్పుడు కాకా వాళ్ల అమ్మ బురదలో జారి పడింది. మణికట్టు విరిగింది.

వాగు గూడెం దాకా రాలేదు. బాగా కిందనే ఆగి, వెనక్కి తగ్గిపోయింది.

జ్వరం తగ్గి ఆఫీసుకు వెళ్లిన రోజు, అక్క ఆ పేజీ తెరిచి నా ముందు పెట్టింది. "ఏంటమ్మాయ్ ఇది? ఆపరేటర్ నా పేజీ చూసే చేశానంటున్నాడు. నా పేజీలో తప్పుందా?"

నేను తెర మీద ఆ చోటు తీసి చూపించాను. ఆవిడ కళ్లజోడు సర్దుకుని, ఇంగ్లీషు అక్షరాల్లో ఉన్న నా తెలుగుని కూడబలుక్కుంటూ చదివింది. ఎవరూ చేత్తో కలపనక్కర్లేదు అన్న దగ్గర ఆగింది.

"ఇంత చక్కగా రాశావు," అంది. "ఎవరికి రాశావమ్మాయ్?"

అంతే అంది. పుస్తకం మూసి తన బల్ల దగ్గరికి వెళ్లిపోయింది.

తర్వాతి ఆదివారం ఇద్దరం ములకలపల్లి బస్సెక్కి, దిగి, నడిచి ఆ గూడెం వెళ్లాం. వాన వెలిసిన అడవిలో ప్రతి ఆకు కొననా ఒక చుక్క వేలాడుతోంది. దారి పొడుగునా ఆ చుక్కలు రాలే చప్పుడు తప్ప మరోటి లేదు. నేనేం చెప్పాలో నోట్లో కూడబెట్టుకుంటూ నడిచాను. గూడెంలో ఒక చాప మీద జొన్నలు ఆరబోసి ఉన్నాయి. తడిసి, తెల్లగా మొలకలెత్తాయి. ఇక అవి విత్తనానికి పనికిరావు.

కాకాని అప్పటిదాకా గొంతుగానే ఎరుగుదును. సన్నగా, పొట్టిగా ఉన్నాడు. పెట్టెలోంచి వచ్చే గొంతు ఇంత చిన్న మనిషిదా అనుకున్నాను. జరిగింది చెప్పాను. మీటరు రెండుసార్లు కలిసిందని, తప్పు నాదని.

ఆయన వేళ్ల మీద లెక్క వేసుకున్నాడు. "అంటే, మిషన్ల ఒక తీరు రాసినవ్, బుక్కుల ఇంకో తీరు ఉన్నది."

"అవ్ కాకా."

"గేజీ ఒక్కటే గదా బిడ్డా. దాని ముచ్చట రెండు తావుల ఎందుకు రాసిండ్రు?"

ఆయన వెనకే ఇద్దరం ఇంట్లోకి వెళ్లాం. లోపల మంచం మీద పడుకున్న వాళ్లమ్మ చేతికి వెదురు బద్దలు కట్టి ఉన్నాయి. నేను దగ్గరికి వెళ్లి కూర్చుంటే, కొడుకుతో వాళ్ల భాషలో ఏదో అని గోడవైపు తిరిగింది. ఏమన్నదని నేను అడగలేదు.

ఆ తర్వాతే శనివారాలు మొదలయ్యాయి. భోజనాలయ్యాక ఆఫీసు సద్దుమణిగేది. నేను తెర ముందు, అక్క పుస్తకంతో పక్కన కూర్చునేవాళ్లం. నేనొక కామెంటు పైకి చదివితే, దానికి సంబంధించిన పేజీ ఆవిడ చదివేది. రెండూ ఒకటే చెబుతున్నాయా అని చూసుకునేవాళ్లం. కాకా అడిగిన దాన్ని పట్టుకుని, ఒకే మాట రెండు చోట్లా ఉన్నప్పుడు ఒకదాన్ని తీసేసేవాళ్లం. చేయవలసింది ఏమిటో పుస్తకంలోనే ఉండాలి, ఎందుకన్నది కామెంటులోనే ఉండాలి. తప్పనిసరిగా రెండు చోట్లా ఉండాల్సిన వాటికి కామెంటు పక్కన పుస్తకం పేజీ నంబరు, పేజీ అంచున ప్రోగ్రాము వరుస నంబరు వేసుకున్నాం. ఒకటి మారిస్తే రెండోది మార్చేదాకా ఇద్దరిలో ఎవరూ ఇంటికి వెళ్లకూడదు.

ఆ మధ్యాహ్నాలు ఎంత పొడుగ్గా ఉండేవో. ఆవిడ గొంతు, నా గొంతు ఒకదాని వెనక ఒకటి వస్తుంటే, వాగు పేర్లు, బండల పేర్లు, మీటర్లు ఏదో పూజలో చదివే నామాల్లా అనిపించేవి. ఒక్కోసారి నాకు కునుకు పట్టేది. ఆవిడకు పట్టేది కాదు.

"ఆగమ్మాయ్," అంది ఒకరోజు. "తీసివేస్తున్నాం అని చదివావు. దాని కింద వరుసలో కూడిక గుర్తు ఉంది."

చూశాను. నిజమే. ప్రోగ్రాము సరిగ్గానే కూడుతోంది. దాని నెత్తిన నేను రాసుకున్న కామెంటే అబద్ధం చెబుతోంది. ఏడాదిగా దాన్ని చదువుతూనే ఉన్నాను. నేను రాసిందే కాబట్టి నా కళ్లు దాని మీదుగా జారిపోయేవి. ప్రోగ్రామంటే ఏమిటో తెలియని ఆవిడ పట్టుకుంది. అప్పటినుంచి పుస్తకాన్ని కామెంటుతో పోల్చి ఊరుకోలేదు. దాని కింద వరుస నిజంగా ఏం చేస్తోందో కూడా వేలు పెట్టి చూసుకునేవాళ్లం.

రెండేళ్లు వాగులు మామూలుగా పారాయి. మూడో ఏడు, పట్టపగలే ఆకాశం మూసుకుపోయింది. మధ్యాహ్నానికి కాకా గొంతులో అంకెలు గంటకు మీటరు చొప్పున పెరగసాగాయి. నేను కొడుతున్నాను, అక్క పక్కన నిలబడి పేజీ చదువుతోంది. గూడెం ఇళ్ల చూరు దాకా నీళ్లు వస్తాయని తెర చెప్పింది. మళ్లీ కొట్టాను. అదే వచ్చింది. ఆఫీసరు నా మొహం వంక చూశాడు. పోయినసారి సంగతి ఆయనకూ గుర్తుంది. "పంపండి," అన్నాను.

కాకాకు కబురు నేనే చెప్పాను.

"బిడ్డా," అన్నాడు. "ఈపాలి ఒక్కసారే కలిపిండ్రా?"

"ఒక్కసారే కాకా. నేను సూసిన, అక్క సూసింది."

"అక్కను చెప్పమను."

అక్క మైకు అందుకుంది. ఆవిడ అంతకుముందు ఎప్పుడూ వైర్‌లెస్‌లో మాట్లాడలేదు. "ఒక్కసారే కలిపామండీ," అంది. "పుస్తకంలో లేదు, తీసేశాను. మిషన్ ఒక్కటే కలుపుతోంది. నేను వేలు పెట్టి చూశాను. మీరు బయల్దేరండి."

కాకా బయల్దేరాడు. ఇక ఆ గూడెంలో ఏం జరుగుతోందో మాకు తెలిసే దారి లేదు. తోటి రీడర్ గొంతు అంకెలు చెబుతూ ఉంది, నేను కొడుతూ ఉన్నాను. ఆ నాలుగు గంటలూ కలలో నడిచినట్టు గడిచాయి.

తర్వాత తెలిసింది. జనం వెంటనే కదల్లేదట. మల్ల గదే ముచ్చటనా అని కొందరు నవ్వారట. కాకా వాళ్లమ్మ రానంటే రానందట. ఆయన ఇక మాటలు మాని ఆమెను వీపున ఎక్కించుకుని మిట్ట దారి పట్టాడు. ఒకసారి చేయి విరిగిన ముసలామెనే మోసుకుపోతుంటే, మిగిలినవాళ్లు మేకల తాళ్లు విప్పి వెంట నడిచారు. పొద్దు గుంకకముందే వాగు గూడెంలోకి వచ్చింది. ఇళ్లు పోయాయి. ఒక్క మనిషి కూడా పోలేదు.

నీళ్లు తగ్గాక గూడెంవాళ్లు పాతచోట మళ్లీ ఇళ్లు వేసుకోలేదు. బడి పక్కన మిట్ట మీదే కొత్త గుడిసెలు లేపారు. నెలరోజులకు కాకా తనే కొత్తగూడెం వచ్చాడు. చేతిలో ఇప్పనూనె సీసా ఉంది, అమ్మ పంపిందని అక్కకు ఇచ్చాడు. నాకేమీ పంపలేదు. నాకు నవ్వొచ్చింది.

"ఇండ్లు పైకి పోయినయ్ బిడ్డా," అన్నాడు. "ఇగ నీళ్లు పాత గూడెంల జొరబడ్డా భయం లేదు. గా ముచ్చట మీ మిషన్‌కు ఎరికైందా?"

ఎరికకాలేదు. మేమూ ఆలోచించలేదు. నీళ్లు ఇంత ఎత్తు దాటితే ప్రమాదం అని మిషన్‌కు ఇచ్చిన అంకె పాత గూడెం ఎత్తుకే ఉంది. ఆయన్ను బెంచీ మీద కూర్చోబెట్టి, మిట్ట ఎంత ఎత్తుందో అడిగి, చీటీ మీద వేసుకున్నాం. నేను అంకె మార్చి, కామెంటు మార్చి, పేజీ నంబరు సరిచూశాను. అక్క టైపు మిషన్‌లో కొత్త కాగితం ఎక్కించి ఆ పేజీ మొదటినుంచి కొట్టింది. అయ్యాక ఇద్దరం పైకి చదివి వినిపించాం. కాకా కళ్లు మూసుకుని విన్నాడు.

"సరిగనే ఉన్నది," అని, ఆఖరి బస్సుకు వేళైందని లేచాడు.