జిన్నింగు మిల్లులో పలకకూడని మాట

మా చిన్నప్పుడు... పత్తి కాలం వచ్చిందంటే నందిగామ రోడ్ల మీద బళ్ళు బారులు తీరి ఉండేవి. గాలికి ఎగిరిన దూది మా జడల్లో, పుస్తకాల్లో, చివరికి మధ్యాహ్నం తినే అన్నంలో కూడా కనిపించేది.

అప్పుడు ఏడో తరగతి. మా సోషలు మాస్టారికి ఉన్నట్టుండి ఒక ఆలోచన వచ్చింది. పరిశ్రమల పాఠం పుస్తకంలో చదివితే మీ బుర్రలకెక్కదు, పదండి, పత్తి నుంచి గింజలు వేరుచేసే జిన్నింగు మిల్లు చూపిస్తానన్నారు. మాకేం... పాఠం తప్పితే చాలు, పండగే.

అందరికంటే ఎక్కువ సంబరపడింది రత్నం. బెంచీ మీద నా పక్కన కూర్చునే పిల్ల. వాళ్ళమ్మ కరుణమ్మ ఆ మిల్లులోనే పత్తి ఏరే పనికి వెళ్ళేది. మా అమ్మ ఏరిన పత్తిలో నలుసు దొరకదు తెలుసా అని దారి పొడవునా ఒకటే గొప్పలు... సరేలేవే తల్లీ, చూస్తాంగా అని నేనే విసుక్కున్నాను.

గేటు దగ్గర మేస్త్రీ మమ్మల్ని ఆపేశాడు. చెప్పులు బయటే విప్పించాడు. సంచులు, జేబులు దులిపించాడు. చిన్న గులకరాయి పత్తిలో కలిసినా మిషను పళ్ళకు తగిలి రవ్వ లేస్తుందట. ఆ రవ్వ అప్పటికప్పుడు మండదట... కుప్పలో దూరి, ఎవరికీ కనపడకుండా లోపల్లోపలే పాకుతుందట. మా నవ్వులు అక్కడే సగం ఆగిపోయాయి.

తర్వాత గొంతు తగ్గించి ఇంకో మాట చెప్పాడు.

"పొయ్యిలో ఉంటదే, దాని పేరు లోపల ఎవ్వరూ ఎత్తమాకండి. పెద్దమ్మ అనాల. అసలు పేరు పెట్టి పిలిస్తే వచ్చి కూర్చుంటది."

మాకది వింతగా ఏమీ అనిపించలేదు. మా ఇళ్ళల్లో మాత్రం? రాత్రిపూట పామును పురుగు అనేవాళ్ళం. దీపం ఆరిపోయిందంటే మా నాయనమ్మ మూతి మీద ఒక్కటిచ్చేది, కొండెక్కింది అనాలి. మాస్టారు మూఢనమ్మకమని కొట్టిపారేస్తారేమోనని చూశాను. ఆయన కూడా తలూపి, ఎవరి చోట వాళ్ళ మాట వినాలి అన్నారు.

లోపలికి వెళ్ళాం. రేకుల షెడ్డు... మిషన్ల మోతకు కాళ్ళ కింద నేల వణుకుతోంది. గోడల నిండా, కిటికీల నిండా బూజులా దూది. పనివాళ్ళందరూ మూతులకు గుడ్డలు చుట్టుకున్నారు, కళ్ళు తప్ప ఏమీ కనపడవు. వెనక ఇంకో తలుపు ఉంది గానీ, దాని ముందు అదిమి కట్టిన దూది బేళ్ళు పేర్చేశారు. ఎందుకో నాకు అప్పుడే బయటికి పోవాలనిపించింది. భయమేసిందని చెప్తే నవ్వుతారని నోరు మూసుకున్నాను.

మేస్త్రీ, మాస్టారు ముందు నడుస్తూ బేళ్ళు కట్టే చోటికి వెళ్ళారు. నేనూ రత్నం వెనకబడ్డాం. షెడ్డు చివర్న ఆడవాళ్ళు వరసగా కూర్చుని పత్తి ఏరుతున్నారు. వాళ్ళ వెనక కప్పు దాకా పత్తి కుప్ప. కరుణమ్మ కూతుర్ని చూసి మూతికి కట్టుకున్న గుడ్డ కిందికి లాగి నవ్వింది.

నా చేతిలో రత్నం చెయ్యి బిగుసుకుంది.

వాళ్ళమ్మ వెనక, కుప్ప మధ్యలోంచి, సన్నగా బూడిదరంగు పొగ లేస్తోంది. నేను దుమ్మనుకున్నాను. రత్నం అనుకోలేదు. నా చెయ్యి విడిపించుకుని పరిగెత్తి, మేస్త్రీ నేర్పిన మాటనే, నేర్పినట్టే గట్టిగా అంది.

"అమ్మా, పెద్దమ్మ వచ్చింది."

కరుణమ్మ మొహం వెలిగిపోయింది. ఆవిడ సొంత అక్క సువార్తమ్మ పెనుగంచిప్రోలులో ఉంటుంది. చెల్లెల్ని చూడ్డానికి వస్తానని అంతకుముందే కబురు పంపిందట.

"గేటు కాడ కూర్చోమనవే. ఈ కాస్త ఏరేసి వస్తన్నా."

అని మళ్ళీ పనిలోకి వంగింది. మిల్లులో ఆ మాటకున్న అర్థం ఆవిడకు తెలియక కాదు. కానీ కన్నకూతురి నోట పెద్దమ్మ అంటే ఆవిడకు ఒక్కరే.

రత్నం మళ్ళీ అదే మాట అంది. ఈసారి ఏడుస్తూ, కుప్ప వైపు చెయ్యి చూపిస్తూ అంది. ఆ మోతలో, ఆ దూదిలో పిల్ల ఏడుపు ఎవరికి తెలుస్తుంది... వస్తన్నానన్నాగా అని తల్లి తలెత్తకుండానే విసుక్కుంది.

కుప్ప ఒక్కసారిగా లోపలికి కుంగింది. ఆ తర్వాత గోడల మీది దూది వెంట మంట పరిగెత్తడం చూశాను. మాస్టారు వెనక్కి పరిగెత్తుకొచ్చి మమ్మల్ని దొరికిన రెక్క దొరికినట్టు పట్టుకుని బయటికి ఈడ్చారు. మిగతా ఆడవాళ్ళు దగ్గుకుంటూ, పడుతూ లేస్తూ వచ్చారు. కుప్పకు ఆనుకుని కూర్చున్న కరుణమ్మను మాత్రం మోసుకొచ్చారు. బెజవాడ పెద్దాసుపత్రికి తీసుకెళ్ళారు. మళ్ళీ ఇంటికి రాలేదు.

మిల్లులో పెద్దవాళ్ళు ఏమన్నారో తెలుసా... బడిపిల్లలెవరో ఆ పేరు ఎత్తి ఉంటారు, అందుకే ఇంత పని జరిగింది అన్నారు. రత్నం వింటుండగానే అన్నారు. ఇన్నేళ్ళయినా నా కోపం చల్లారదు. ఎవ్వరూ ఎత్తలేదండీ... ఎత్తకపోబట్టే పోయింది ఆ తల్లి.

తర్వాత రత్నాన్ని సువార్తమ్మ పెనుగంచిప్రోలు తీసుకెళ్ళి సొంత బిడ్డలా పెంచింది. సెలవుల్లో ఒకసారి చూడ్డానికి వెళ్ళాను. రత్నం ఆవిడను "సువార్తమ్మా" అని పిలుస్తోంది. తల్లి లాంటి పెద్దమ్మను పేరు పెట్టి పిలుస్తావా, మర్యాద లేని పిల్లా అని వీధిలో వాళ్ళు నా ముందే తిట్టారు. రత్నం తల దించుకుంది.

సువార్తమ్మ చేటలో బియ్యం చెరుగుతూ, మొహం అటు తిప్పుకుని అంది. "మీరు ఊరుకోండమ్మా. పిలుస్తంది, అంతే చాలు నాకు."

ఇప్పుడు మిల్లుల్లో పొగ తగిలితే వాటంతటవే మోగే గంటలున్నాయట, గోడల మీద ఎర్రటి అక్షరాలతో "నిప్పు" అని రాసి ఉంటుందట. చదువుకున్న పిల్లలు మన చాదస్తాలకు నవ్వుతున్నారు కూడా... నవ్వనివ్వండి, బాగుంది.

మీ ఇళ్ళల్లోనూ ఇలా మార్చి పలికే మాటలు ఉండే ఉంటాయి. రాయండి, చదువుతాను. కానీ ఒక్కటి చెప్పండి... ప్రాణం మీదికి వచ్చినప్పుడు అసలు మాటే అరవమని, మీకు చిన్నప్పుడు ఎవరైనా చెప్పారా? మాకు ఎవరూ చెప్పలేదు.